వేలు ఒప్పుకోవాల

హవల్లీలో శుక్రవారం సాయంత్రం.
బయట దుమ్ము లేచి ఆకాశం శనగపిండి కలిపినట్టుండాది.
లోపల అద్దాల బల్ల మీద
మూడు ఆట డబ్బాలు వరసగా పెట్టి
కాసరగోడు పిల్లోడు షంసీర్
నా మొహం చూడకుండా అప్పజెప్తావుండాడు:
మెమరీ ఇంత, తెర ఇంత, బ్యాటరీ ఇంత.

"కొడుక్కా?" అన్నాడు హిందీలో.
"నాకే."
అప్పుడు చూసినాడు మొహం.
నలభై ఒకటి నిండినాయి. మీసం నెరిసింది.
కువైటుకొచ్చి పదకొండేండ్లు,
ఎంత ఉతికినా చొక్కాకు ఏసీ గ్యాసు వాసన.

మొదటిది ఎత్తినా. ఇటికంత బరువు.
అన్ని ఆటలూ ఆడతాదంట,
రెండు గంటలకోసారి ఛార్జింగు అడుగుతాదంట.
మా జలీబ్ రూములో ఆరుమందికి రెండు ప్లగ్గులు.
ఒకటి రైస్ కుక్కరుదే ఎప్పుడూ.
ఓబులేసు ఫోను, ఖాదర్ వలి ఫోను, ఇస్త్రీపెట్టె,
ఆ వరసలో దీన్ని యాడ నిలబెట్టేది?

అది సాకు. అసలు మాట వేరే.

నా ఎడమ బొటనవేలికి పై కణుపు లేదు.
సాల్మియాలో ఒక మిద్దె మీద
ఫ్యాను బెల్టు తినేసింది, మూడేండ్ల కిందట, జులైలో.
కంపెనీ కాగితంలో రేట్లుండాయి,
వేలికింత, కణుపుకింత.
కణుపు డబ్బులు ఊర్లో బోరులోకి దిగినాయి,
ఏడొందల అడుగులకు రాతిపొడి పైకొచ్చింది.
ఈ డబ్బులు అవి కావు.
ఇవి నా శుక్రవారాలు.

మొదటిదాని పుల్ల తల నున్నగా, పుట్టగొడుగు లెక్క.
మోడు వేలు పెడితే జారిపోయింది.
తెర మీద మనిషి గోడకేసి నడుస్తానే ఉండాడు.
రెండోదానికి పక్క ముక్కలు ఊడొస్తాయంట.
ఊడొచ్చేవంటే నాకు పడదు.
షంసీర్‌కు అర్థమైంది.
పాపం, వేలు చూసీ చూడనట్టు
స్పీకరు గురించి మాట్లాడినాడు చానాసేపు.

మూడోది ఎవరో అమ్ముకుని పోయింది.
మూలన గీత. వెనక పీకేసిన స్టిక్కరు జిగురు.
దీనికి పుల్ల కాదు, కూడిక గుర్తు బటను.
దాని ఎడమ కొమ్ము అరిగి గుంత పడింది.
ఎన్ని రాత్రులు నొక్కినాడో ఎవడో.
ఆ గుంతలో నా మోడు కూచుంది,
కొండీలో గొళ్లెం పడినట్టు.

"భాయ్, పాత మోడల్. కొత్త ఆటలు పట్టవు."
పట్టకపోతే పోనీ.
రాయచోటి బస్టాండు ఎనక వీడియో గేముల అంగట్లో
రూపాయికి పది నిమిషాలు.
అప్పుడు వేళ్లన్నీ ఉండాయి,
రూపాయే ఉండేది కాదు.

ఇరవై రెండు దినార్లన్నాడు. ఇరవై అన్నా.
"ఇరవైన్నర. సంచి ఊరికే ఇస్తా. హలాస్?"
హలాస్.

బస్సులో కిటికీ పక్కన సీటు.
ముందు సీట్లో ఫిలిప్పీన్స్ ఆమె నిద్రపోతావుంది,
ఒళ్లో కోడిగుడ్ల అట్ట, రెండు చేతులూ దాని మీదే.
ఆట తెరిస్తే మూడు గళ్లు.
మొదటి గడిలో ఎవడో అబ్దు, అరవై ఒక్క గంటలు,
ఏదో కోట తలుపు ముందర మనిషిని నిలబెట్టి పోయినాడు.
తెలీక దాని మీదే నొక్కితే
చెరిపేయాలా అని అడిగింది.
వద్దన్నా. ఉండనీ.
వాపసొస్తాడని కాదు,
ఆ గుంత వానిదే గదా.

రెండో గడిలో పేరు కొట్టమంది.
పెంచలయ్య పట్టలేదు.
పెంచల దగ్గరే గళ్లు అయిపోయినాయి.
సరేలే అని నొక్కినా.

మొదటి గుంతలోనే నాలుగుసార్లు పడినా.
ఐదోసారి ఫర్వానియా దాటినాక
బస్సు ఒక ఎత్తు మీద ఎగిరింది,
కోడిగుడ్లామె ఉలిక్కిపడి లేచింది,
తెర మీద నేనూ ఎగిరినా.
అవతల పడినా.
దాటించింది వేలో, బస్సో,
తెల్ల.