వేరే మేకుకున్న గరిటె

బల్లార్షాలో బొగ్గు లారీలు తూగే కాటాకు
ఏడాదికి రెండుసార్లు నేనే వైద్యుణ్ణి.
ఇరవై కిలోల ఇనుప బాట్లు ఎక్కించి, దింపి,
అంకె అబద్ధమాడుతోందో లేదో చూసి
సీలు వేసేసరికి పొద్దు వాలుతుంది.
ఆకలి నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తుంటుంది.

స్టేషన్ నుంచి బస్టాండు దాకా ఒకటే వాసన.
సావజీ మటన్, సావజీ చికెన్, ఖీమా, కలేజీ.
బోర్డుల మీది ఎర్రరంగు కూడా
నూనె తేలి కారుతున్నట్టే ఉంటుంది.
మొదటి హోటలతను గుడ్డు చూపించాడు.
రెండో అతను ముక్కలు ఏరేసి
పులుసొక్కటే పోస్తానన్నాడు, ఎంతో మర్యాదగా.

మూడోచోట ఓదెలు.
మందమర్రి నుంచి గనుల వెంట వచ్చి
గనిలో కాక గిన్నెల దగ్గర తేలినవాడు.
"తినవా? బాపనాయనవా, కోమటాయనవా?"
కాదు.
"మాలేసుకున్నవా?"
లేదు.
"మరేం రోగమే నీకు?"

దానికి నా దగ్గర ఎన్నడూ సరైన జవాబు లేదు.
మా ఇంట్లో అందరూ తింటారు.
ఆదివారం పూట మా పెరట్లో పిల్లి
నాకంటే బాగా తింటుంది.
జాలీ కాదు, పుణ్యమూ కాదు,
చిన్నప్పుడెప్పుడో నాలుక వద్దంది.
నేను మళ్ళీ దాన్ని అడగలేదు.

ఓదెలు లోపలికి మరాఠీలో ఏదో కేకేశాడు.
మసిబట్టిన పరదా పక్కకు జరిగింది.
శెవంతాబాయి. మెడలో తులసిపూసల మాల.

రోజుకు పదిహేను కిలోల మటన్ వండే చెయ్యి.
నోరు ముట్టక పన్నెండేళ్ళు.
"ఆయన పండరి పోయొచ్చి మాలేసుకున్నడు, నాకూ ఏయించిండు.
రెండేండ్లకు ఆయన తీసేసిండు.
నేను తియ్యలే."
వచ్చీరాని తెలుగులో ఇంతే చెప్పింది.
గల్లా దగ్గర ఆయన
నల్లిబొక్క పీలుస్తూ తలెత్తలేదు.

మరి ఉప్పెట్లా తెలుస్తుంది? అన్నాను.
వాసన చెబుతుందట.
ఉడుకు చప్పుడు మారుతుందట.
గ్రాముల మనిషిని, నాకు నమ్మకం కుదరలేదు.
చుట్టూ ముప్ఫైమంది ముక్కులు తుడుచుకుంటూ తింటున్నారు,
ఒక్క చెయ్యీ ఉప్పు డబ్బా వైపు సాగలేదు.

వేరే మేకుకు వేలాడుతున్న గరిటె తీసింది.
వేరే పొయ్యి, వేరే గిన్నె, అరచేయంత.
శనగపిండి ఉడికించి పళ్ళెం మీద పరిచి
కత్తితో గీతలు గీసింది, డైమండు ముక్కలుగా.
రాతిపువ్వు, మిరియం, వేయించిన జొన్నపిండి,
అవిసెనూనెలో నల్లగా మరిగే రస్సాలోకి
ఒక్కొక్కటే జారవిడిచింది, నిద్రపోయే పిల్లల్ని దించినట్టు.

పాటోడీ అంటారట.
మొదటి ముద్దకు చెవులు మూసుకుపోయాయి.
రెండో ముద్దకు, చచ్చిపోయిన మా మేనత్త
రోట్లో కారం నూరుతూ తిట్టిన తిట్లు వినిపించాయి.
మూడో ముద్దకు ఏడుస్తున్నాను, సంతోషంగా,
జొన్నరొట్టెతో ముక్కు తుడుచుకోబోయి ఆగాను.

జనం పలచబడ్డాక
ఆమె తన స్టీలు టిఫిను తెచ్చి నా ఎదురుగానే కూర్చుంది.
"అంబాడీ" అంటూ ఒక ముద్ద నా పళ్ళెంలో వేసింది.
"మా ఊళ్ళో పుంటికూర" అన్నాను.
"మీ ఊరోళ్ళకు పేర్లు పెట్టరాదు" అంది.
అప్పుడు, వంచిన తల వంచే ఉంచి,
"ఉప్పు?" అని అడిగింది.

రోజూ అడుగుతుందట వందమందిని.
బాగుంది అంటారట.
ఆ బాగు ఏమిటో తనకు తెలియదు కదా.
ఇది మాత్రం ఇద్దరి నోట్లోనూ ఉంది.

నా వృత్తి నన్ను వదలదు.
"చిటికెడు తక్కువ" అన్నాను.
తనూ ఒక ముక్క నోట్లో వేసుకుని
చాలాసేపు నమిలింది.
"అవ్" అని, ఎందుకో పకపకా నవ్వి,
గల్లా దాకా వినిపించేలా నవ్వి,
ఉప్పు డబ్బా నా వైపు తోసింది.

మళ్ళీ ఆర్నెల్లకు, చలికాలం,
బాట్ల పెట్టె భుజాన ఉండగానే
గడపలోంచే ఓదెలు గొంతు:
"బాయీ, కాటా ఆయనొచ్చిండు,
నీ గరిటె తియ్యి."