మూడు లెక్కపెట్టాక

బొత్తాల కొట్టు కింద నేలమాళిగ, మా కాబరే.
ముప్పై ఒక్క కుర్చీలు, రెండు కుంటివి.
ఒక పియానో. దాని చివరి మూడు మీటలు
చలి మొదలవగానే మూగబోతాయి.
నాది దీపం పని.
ఉన్నది ఒకటే దీపం: వెలిగించడం, ఆర్పడం,
ఏడుపు పాట వస్తే నీలం కాగితం అడ్డం పెట్టడం.

గురువారాలు ఇరెనేవుష్‌వి.
పాతికేళ్లు ట్రాములో టికెట్లు చింపిన చేతులు.
ఇప్పటికీ మనుషుల్ని చూస్తే
చిల్లర ఉందా అన్నట్టే చూస్తాడు.
మొదటి జోకు ఎప్పుడూ అదే:
"మా ఊరు వూచ్. అంటే పడవ.
నది ఏదని అడక్కండి, రోడ్డు కింద పూడ్చేశారు.
పడవలో ఉన్న సంగతి
ఇంటి పన్ను కట్టేటప్పుడే గుర్తొస్తుంది.
అప్పుడే కదా మునిగేది!"
ముందు వరుస నవ్వుతుంది,
బీరు డబ్బులు గిట్టుబాటు కావాలి మరి.

ఆ జనవరిలో ఒక రాత్రి
నవ్వంతా అయిపోయి
గది గొంతు సవరించుకుంటుండగా
వెనక స్తంభం పక్కనించి
ఇంకో నవ్వు ఊడిపడింది. ఒంటరిగా.
పెళ్లి అయిపోయాక బాజాలు మోగినట్టు.

తాగుబోతనుకుని ఇరెనేవుష్ కళ్లు చిట్లించాడు.
నేను దీపం అటు తిప్పాను,
అది నా పని కాకపోయినా.

బేకరీ లుడ్కా.
పక్కన, కనుబొమల్లో పిండితో, ఒమెల్యాన్.
ఉక్రెయిన్ నించి వచ్చి ఆరు వారాలట.
రాత్రి రెండింటికి పొయ్యి రాజెయ్యాలి,
పడుకుంటే లేవడని ఇక్కడికి లాక్కొస్తుందట.
జోకు ఆమె చెవిన పడి,
నాలుక మీద చొక్కా మార్చుకుని,
అతని గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకుని
లోపలికెళ్లేసరికి
మూడు లెక్కపెట్టేంత సేపు.

మొదటి వారం కోప్పడ్డాడు ఇరెనేవుష్.
రెండోవారం కూడా.
ఆ తర్వాత జోకు చెప్పి ఆగడం మొదలెట్టాడు,
గడియారం చూసుకుంటూ,
లేటు బండి కోసం నిలబడ్డ గుమస్తాలా.
గది గదంతా స్తంభం వైపు తిరిగేది.
ఒకటి. రెండు.
నా వెలుతురులో పిండి లేచేది,
అప్పుడు చూడాలి మా నేలమాళిగ!
పైన కొట్లో బొత్తాల డబ్బాలు గలగలమనేవి.

ఏప్రిల్‌కి బోగ్నా ఇంకో నాలుగు కుర్చీలు కొంది.
జూన్‌లో లుడ్కా మోకాలు మొండికేసింది,
మా మెట్లు పద్దెనిమిది.

అక్టోబర్‌లో ఒమెల్యాన్ ఒక్కడే వచ్చాడు.
పడవ జోకు.
అందరితోపాటే నవ్వాడు, సరిగ్గా వేళకి.
ఇరెనేవుష్ మాత్రం ఆగాడు, గడియారం చూశాడు.
ఒకటి. రెండు. మూడు.
నాలుగు.
ఎవరో దగ్గారు.
పియానో అతను ఏం తోచక మూగ మీట నొక్కాడు.

"నువ్వు... మా భాష నేర్చుకున్నావా?"
"కొంచెం."
"ఎవడు నేర్చుకోమన్నాడు? నా పొట్ట కొట్టావు కదయ్యా!"
ఆ రాత్రికి పెద్ద నవ్వు అదే,
ఇరెనేవుష్ తప్ప అందరూ నవ్వారు.

అందరూ వెళ్లాక, మెట్ల దగ్గర,
టోపీ నలుపుకుంటూ అన్నాడు ఒమెల్యాన్:
"ఏమీ అనుకోకండి.
ఇప్పుడు మీవి అర్థమవుతున్నాయి.
లుడ్కా చెప్పినవి వేరే."
"వేరే అంటే?"
"వేరే జోకులు. ఇంకా బాగుండేవి."

నేను తీగ చుట్టడం ఆపేశాను.
ఇరెనేవుష్ చాలాసేపు
చివరి మెట్టునే చూశాడు,
టికెట్ లేకుండా ఎవరో
ఏడాదిగా తన ట్రాములో తిరిగినట్టు.

మరుసటి గురువారం ఆట లేదు.
తలుపుకి బోగ్నా కాగితం అంటించింది: ఒంట్లో బాగోలేదు.
నేను చూశాను కదా,
ఒక చేతిలో చెర్రీ సారా సీసా,
ఇంకో చేతిలో గళ్ల నోటుబుక్కు,
బేకరీ వెనక మేడ మెట్లు ఎక్కుతున్నాడు మహానుభావుడు,
మోకాలి మందు కూడా కొన్నాడో లేదో.