తరుగు

బాదేపల్లి యార్డు గేటు పక్కన
నా మినీ బ్యాంకు: ఒక రేకుల డబ్బా,
ఒక వేలిముద్ర మిషన్,
చప్పుడే తప్ప గాలి రాని ఫ్యాను.

పల్లికాయ సీజన్ల లైను గేటు దాక ఉంటది.
రాళ్లు మోసి రేఖలరిగిన వేళ్లను
మిషన్ గుర్తుపట్టదు.
తడిగుడ్డతోని తుడిచి మళ్ల పెట్టుమంట.
తన వేలు తనదేనని
నాలుగుసార్లు సాక్ష్యం చెప్పుకుంటే గని
రెండు వేలు రావు మనిషికి.

ఆ లైన్ల, మొన్న మంగళవారం,
చంకల చాటతోని అంజిలమ్మ.
రాశులెత్తినంక నేల మీద మిగిలిన గింజలు
ఊడ్చి, చెరిగి, అమ్ముకుంటది.
ఫోను నా ముందల పెట్టింది.
“చదువు బిడ్డా. నాకు కారొచ్చిందంట.”

వచ్చింది నిజమే, వాట్సాప్‌ల:
పాతిక లక్షలు, ఒక కారు,
సింహాల బొమ్మ, గుండ్రటి ముద్ర,
ఆమె పేర్ల రెండు తప్పులు.
కింద ఎర్రక్షరాలు:
సాయంత్రం ఐదు దాకనే గడువు,
ఎవ్వరికీ చెప్పరాదు,
ముందుగా ట్యాక్సు ఆరువేల ఐదొందలు.

నా నోరెండింది.
ఆ ముద్ర నాకు తెలుసు.

“లాటరీ టికెట్ కొన్నవా అవ్వా?”
“టికెట్టా? బస్సుల గూడ జీరో టికెట్టే నాది.”

అంతట్ల ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టిన.
లైనంత మెడలు చాపింది.
మెత్తటి గొంతు, పుస్తకాల తెలుగు:
“అభినందనలు మేడమ్, ఇంకా కట్టలేదేమండీ?”
ఈ అరవై ఏండ్లల్ల ఆమెను మేడమ్ అన్నోడు
వాడే మొదలు కావచ్చు.
కొంగు సర్దుకున్నది.

“కారు ఏం రంగు సారూ?”
“తెలుపు మేడమ్.”
“మా దుబ్బకు తెలుపు ఆగదు. పోనీ.
ఒక మాట చెప్పు.
మా యార్డుల సేటు పైసలిచ్చేటప్పుడు
తరుగు కోస్తడు, హమాలీ కోస్తడు,
చిల్లర లేదని చిల్లర గూడ కోస్తడు.
కోసుకొని, మిగిలింది చేతుల పెడతడు.
ముందు నువ్వియ్యి, తర్వాత నేనిస్త అన్న సేటును
నేనైతే చూడలే.
పాతిక లక్షలున్నయి గద నీ దగ్గర?
అండ్లకెల్లి ఆరువేల ఐదొందలు కోసుకో.
నీ చాయ్ పైసలు గూడ కోసుకో.
మిగిలింది పంపు.”

గొంతు ఆగింది.
ఫ్యాను చప్పుడు ఇనబడ్డది.
తర్వాత పుస్తకాల తెలుగు పోయి
ఒక బూతు.
కట్.

లైనంత నవ్వింది.
ఆమె నవ్వలే.
“దొంగ కాంటా” అన్నది,
పుచ్చు గింజను ఏరి పారేసినంత నెమ్మదిగ.

అందరు నన్ను చూసిండ్రు, సదువుకున్నోడని.
నంబరు బ్లాక్ చేసిన.
గోడ మీది కాగితం చూపించిన:
పైసలు పోతే ఎంటనే
ఒకటి తొమ్మిది మూడు సున్నాకు కొట్టుండ్రి,
ఎంత తొందర చేస్తె అంత మంచిది అన్న.

చెప్పందొకటున్నది.
రెండేండ్ల కింద, ఇదే డబ్బల, ఇదే కుర్చీల,
డిగ్రీ పాసైన నేను
ముందుగాల నాలుగువేల ఐదొందలు పంపిన.
అవి రావాలంటే పన్నెండు వేలన్నరు, పంపిన.
అవీ రావాలంటే ఇరవై మూడన్నరు.
బాయిల పడ్డ బొక్కెన కోసం గాలమేసి,
గాలం తెగితే
గాలం కోసం ఇంకో గాలమేసినట్టు.
ఆ నంబరు అప్పుడూ గోడ మీదనే ఉండె.
కొట్టలే.
ఎవ్వరికీ చెప్పరాదని వాడు రాసిన ముక్కను
వాడు పోయినంక గూడ
నేనే కావలి కాసిన.
బండేమైందని సంతోష అడిగితే
ఇంజన్ పోయింది, అమ్మేసిన అన్న.

అంజిలమ్మ వేలు పెట్టింది.
ఎర్ర లైటు. ఎర్ర లైటు. ఎర్ర లైటు.
నాలుగోసారికి పచ్చది.
నోట్లు రెండుసార్లు లెక్కబెట్టుకొని,
“నీ కమీషన్ కోసుకున్నవా?” అన్నది.
“లేదవ్వా, బ్యాంకే ఇస్తది నాకు.”
“మంచిది” అని
చాట చంకల పెట్టుకొని యార్డులకు పోయింది.
ఆమె ఊడ్చేటి నేల ఇంక మిగిలే ఉండె.

రాత్రి కంచం ముందల
సంతోష చారు పోస్తున్నది.
“బండి సంగతి” అన్న.
“ఏ బండి?” అన్నది.
గంటె ఆగింది.
నేను మొదలువెట్టిన.