ఓడ రేవు దాకానే వచ్చింది

నెయాఫు రేవులో పదిహేడేళ్ళుగా
కంటైనర్లు దించుతున్నవాణ్ణి.
ఏ పెట్టెలో ఏముందో మూత తియ్యకుండా చెబుతాను.
బరువుగా కిందికి లాగేది ఉప్పేసిన గొడ్డుమాంసం,
లోపల కదిలేది నూనెలో చేప,
గాలిలా తేలిపోయేవన్నీ మూడు నిమిషాల నూడుల్స్.

మార్చిలో నా ఎడమ అరికాల్లో మేకు దిగింది.
నొప్పి లేదు.
ఇంటికొచ్చి చెప్పు విప్పితే
కేక పెట్టింది లెసియెలి, నేను కాదు.
క్లినిక్‌లో నర్సు వేలు పొడిచి
అంకె పైకి చదవలేదు.
చీటీ మీద రాసి నా వైపు తిప్పింది,
కొనలేనివాడికి ధర చూపించినట్టు.

ఆ రాత్రి అందరినీ తిట్టాను.
ఓడని.
కొవ్వు ముక్కలు మాకు అమ్మి
లేత మాంసం తమకుంచుకున్న దేశాల్ని.
కొట్టు ఫకావోని, అడక్కుండానే అప్పిస్తాడు కాబట్టి.
తిట్టినవన్నీ నిజాలే, ఒక్కటీ వెనక్కి తీసుకోను.
కాకపోతే తిడుతూనే
డబ్బా తాళంచెవి తిప్పుతున్నాను,
రేకు సన్నగా చుట్ట చుట్టుకుంటోంది.

లెసియెలి నవ్వలేదు, కోప్పడలేదు.
"ఓడ రేవు దాకానే వచ్చింది.
అక్కణ్ణించి నీ నోటిదాకా
మోసుకొచ్చిందెవరు?" అంది.

మొయ్యడం నా పని.
జవాబు తెలుసు.

పెరట్లో కోళ్ళు తప్ప ఎవరూ పట్టించుకోని చేమమడి.
ఆదివారం తెల్లవారకముందే గొయ్యి తవ్వి
రాళ్ళు ఎర్రగా కాల్చాను.
లేత ఆకుల్లో ఉల్లిపాయ, చేప ముక్క,
మా ఉంగా తురిమిచ్చిన కొబ్బరి పాలు పోసి
మూటలు కట్టి, అరటాకు కప్పి, మట్టి కప్పి
చర్చికి వెళ్ళాను.
పాట వాళ్ళు పాడుతున్నారు, నా ముక్కు పెరట్లో ఉంది.
ఆశీర్వాదం పూర్తికాకుండానే వచ్చి తవ్వేశాను.
మూడు నిమిషాలకి అలవాటుపడ్డ కడుపు కదా.

దురద!
నాలుక మీద, గొంతులో, చెవుల లోపల ఎక్కడో.
కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు,
మా ఇంట్లో ఆ పూట
కత్తిపీటతో సహా అందరికీ ఉంది.
పిల్లలు పళ్ళాలు వదిలి కుండ దగ్గరికి పరుగు.
"నాన్నా, ఈ ఆకు చెడ్డదా?" అడిగింది ఉంగా.
అవునందామని నోరు దానంతటదే తెరుచుకుంది,
ఎవర్నో ఒకర్ని అనడం దానికి అలవాటు.
మూశాను. మళ్ళీ తెరిచాను.
"ఆకు మంచిదేనమ్మా.
దురద దానిది కాదు, నా తొందరది."

పై ఆదివారం గడియారం లెసియెలి చేతికిచ్చాను.
ఎంత అడిగినా తిరిగివ్వలేదు.
గొయ్యి తెరిచేసరికి
ఆకు వెన్నలా జారుతోంది,
విరిగిన కొబ్బరి పాల కింద సన్నటి పొగ రుచి.
ఎవరూ మాట్లాడలేదు. మూటలు చాలలేదు.

అంకె కొంచెం దిగింది.
అరికాలికి స్పర్శ రాలేదు, రాదేమో.
అలమరలో ఒక్క డబ్బా ఇంకా ఉంది.
తుఫానుకి, అని చెప్పాను.
సగం అబద్ధం.

రేపు పొద్దున్నే ఓడ.
దించుతాను, జీతం దాన్లోనే ఉంది.
మధ్యాహ్నం నా సంచిలో చల్లారిన ఆకుమూట చూసి
కుర్రాళ్ళు అడుగుతారు, ఏముందోయ్ అందులో అని.
బరువు చూసి చెప్పలేను.
విప్పి చూపించాల్సిందే.