రెండొందల పదమూడో పేజీ

సీనియర్ గారు చీటీ మీద రాసిచ్చింది ఒకటే వరస.
ఒక సంవత్సరం, బ్రాకెట్లో రెండు,
మూడు పొడి అక్షరాలు, చివర రెండొందల పదమూడు.
"పదిన్నరకి పిలుస్తారు, పట్టుకొచ్చెయ్" అని
కోటు తొడుక్కుంటానే వెళ్ళిపోయారు.

నా కోటు కొని ఇరవై రోజులు.
పరీక్షలు రాసి పాసయ్యానే గానీ
పుస్తకం ఏ అరలో ఉంటుందో ఎవరూ చెప్పలేదు.
చీటీని ఫోన్ నంబరులా వల్లించుకుంటూ
కందుకూరు బారు లైబ్రరీ మెట్లెక్కాను.

చెమ్మకి తలుపులు బిగుసుకుపోయిన బీరువాలు.
కిటికీ పక్కన స్టూలు మీద వక్క నముల్తా మాలకొండయ్య.
ఐదో తరగతి తప్పాడు, ముప్పయ్యొక్కేళ్ళుగా అటెండరు.
జడ్జీలు మారారు, ఫ్యాన్లు మారాయి,
ఆ స్టూలు మాత్రం జరగలేదు.

"ఏందమ్మా, తెల్లమొగం ఏసుకోనుండావ్? ఇటియ్యి.
ఇది అడ్రసు. మొదట్నించి గాదు, మధ్యలో నించి చదువు.
మూడచ్చరాలుండాయే, అది ఊరు. ముందు ఆ బీరువా కాడికి బో.
ఏడాది వీధి. బ్రాకెట్లో రెండంటే ఆ వీధిలో రెండో ఇల్లు.
కడాకరిది తలుపు నంబరు. తట్టు, మనిషి పలకతాడు.

గొడవ జరిగిన ఏడు గాదు తల్లీ, అచ్చేసిన ఏడు.
గొడవ ఇంకా శానా ముందుది.
మన కందుకూరు జూడు,
నెల్లూరన్నారు, ప్రకాశమన్నారు, మళ్ళీ నెల్లూరన్నారు.
ఈ తలుపు నంబరు మాత్రం ఎవురూ మార్చలేరు."

ముందు తట్టింది తప్పు తలుపే.
ఒకటో సంపుటం, అదే పేజీ,
ఎవరో గుంటూరాయన అద్దె బాకీ.
పక్కనున్నది తీశాను. అట్ట చేతికొచ్చింది.
రెండొందల పన్నెండు. వెండిచేప ఒకటి జారిపోయింది.
రెండొందల పదమూడు.

పాకల ఉప్పుకొటార్లు.
కొక్కిలగడ్డ పోలేరయ్య మరియు ఇతరులు,
వర్సెస్
నేను పేరు చదవకముందే గుర్తుపట్టిన ఇంటిపేరు.

మా జేజి ఎప్పుడూ అనేది,
"మా కేసు అచ్చులో పడిందే" అని.
పేపర్లో అనుకున్నాం.
పాత పేపర్ల కట్ట విప్పి చూసి
వెతకడం మానేశాం.

మూడో పేరాలో ఉంది, పేరు లేకుండా.
పదకొండో వాది తన వయసు చెప్పలేకపోయిందట.
హద్దులు గజాల్లో చెప్పమంటే
నడిచి చూపిస్తానందట.
ఆ అవసరం లేదని కోర్టువారు అభిప్రాయపడ్డారట.
చక్కటి ఇంగ్లీషు. కామా కూడా తప్పులేదు.
అప్పీలు కొట్టివేయడమైనది.
ఎవరి ఖర్చులు వారే భరించుకోవలెను.

ఆమె కాళ్ళు నాకు తెలుసు.
మడమలు పగిలి, పగుళ్ళలో తెల్లగా.
వాన పడితే ఇంట్లో కూడా
అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగేది.
చాదస్తమనుకునేవాళ్ళం.

ఇవాళ మా కక్షిదారు రొయ్యల చెరువుల ఆసామి.
ఈ పేజీయే ఆయనకి కావలసింది.
చీటీ పుస్తకంలో పెట్టి మూశాను. మళ్ళీ తెరిచాను.

"దొరికింది గదా, ఇంకేంది అట్ట నిలబడ్డావ్?"
నేనేం చెప్పలేదు.
ఆయన పేజీ వంక చూళ్ళేదు, నా వంక చూశాడు.
"దొరికితే చాలదు మే.
బతికుండాదో లేదో జూసుకోవాల.
తర్వాత పెద్దకోర్టోళ్ళు కొట్టేసుంటారు, మనకి తెలవదు.
సచ్చిన కేసుని బుజానేసుకోని పోయినోళ్ళని
శానామందిని జూశా."

పది ఇరవై.
కింద బంట్రోతు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.
తర్వాతి సంపుటాలు పైఅరలో,
నా చెయ్యి అందనంత ఎత్తున.

స్టూలు అడిగాను.
మాలకొండయ్య కిటికీలోంచి వక్క ఉమ్మి
మెల్లగా లేచాడు.