ఇరుకు లెన్స్

యాస్నా మా కొట్టుకొచ్చిన రోజు
గాలి గంటకు తొంభై కిలోమీటర్లు.
పుంతా అరేనాస్‌లో అది గాలి కింద లెక్క కాదు,
వీధి మూలల్లో కట్టిన తాళ్ళు పట్టుకుని
జనం బజారు చేసుకునే మామూలు మంగళవారం.

తలుపు మూయడానికి ఇద్దరం కావలసి వచ్చింది.
"సగం గొర్రె పోయింది" అంది,
నేను కుర్చీ చూపించేలోపే.
కొట్టంలో కొక్కేనికి వేలాడదీసిన సగం గొర్రె.
కొక్కెం మాత్రం వదిలేశాడట,
మర్యాదస్తుడు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు
ఏదో ఒకటి పోయాకే నా దగ్గరికొస్తారు.
పదకొండేళ్ళుగా ఆ మొరుగుడు మీదే బతుకుతున్నాను.

చెప్పాల్సినవన్నీ చెప్పాను.
శీతాకాలం సాయంత్రం అయిదుకే చీకటి,
చీకట్లో చూసే కన్ను కావాలి.
జలసంధి మీంచి వచ్చే ఉప్పు ఇనుప మేకుల్ని తినేస్తుంది,
స్టీలు స్క్రూలు కావాలి.
మీ గోడలు జింకు రేకులు,
వైఫై వాటికి తల బాదుకుని వెనక్కొస్తుంది,
తీగ లాగాల్సిందే.
ఇక లెన్స్ అంటారా, నూట ముప్ఫై డిగ్రీలది తీసుకోండి,
గేటూ కొట్టమూ ప్రహరీ అన్నీ ఒక్కదాన్లో.

అన్నిటికీ తలూపి
చివర్న ఒకటడిగింది:
"దీనికి రెప్ప ఉందా?"
లేదన్నాను.
"మరి ఎప్పుడు నిద్రపోతుంది?"

శనివారం నిచ్చెనెక్కాను.
నిచ్చెనను ఆమె పట్టుకుంది,
గాలి మా ఇద్దర్నీ పట్టుకుంది.
ఫోన్లో బొమ్మ వచ్చింది.
గేటు. కొట్టం. కలాఫాతె పొద.
కుడి మూలన, ప్రహరీ అవతల,
లారీ డ్రైవర్ ఓవాందో వంటింటి కిటికీ.

కిటికీలో ఓవాందో
గిన్నెలు తుడిచే గుడ్డ తలమీద తిప్పుతూ
నిలబెట్టిన చీపురు చుట్టూ
క్వేకా నాట్యం నేర్చుకుంటున్నాడు.
వంద కిలోల మనిషి.
మూడో అడుగు తప్పుతోంది,
ఆగి, చీపురుకు క్షమాపణ చెప్పుకుని,
మళ్ళీ మొదటి నుంచీ.

నేను నవ్వబోయాను.
యాస్నా ఫోన్ని ఏప్రన్‌కేసి బోర్లా అదిమేసింది,
పసివాడి కళ్ళు మూసినట్టు.
"ఇంత వెడల్పు వద్దు."
ఆ మూలకు నల్లరంగు పూసే ఏర్పాటు ఉంది, సెట్టింగుల్లో, అన్నాను.
"పూసినా, కింద ఉందని నాకు తెలుసు గదా."

కొట్టుకెళ్ళి
అమ్ముడుపోక దుమ్ముపట్టిన ఇరుకు లెన్స్ తెచ్చాను.
కొట్టం తలుపూ, దాని ముందు నాలుగడుగుల మట్టీ,
అంతే.
గేటు కనబడదు. దొంగ వచ్చే దారి కనబడదు,
వచ్చాక దొంగ కనబడతాడు.
"చాలు. గొర్రె ఉండేది అక్కడే."

రెండు రాత్రుల తర్వాత ఫోను:
నూట ఎనభై హెచ్చరికలు.
ఎగిరే సంచి. ఆరేసిన చొక్కా చెయ్యి. మంచు.
మళ్ళీ చొక్కా చెయ్యి.
"గాలి పేరు దొంగల జాబితాలోంచి కొట్టెయ్యవయ్యా."
ఆరులో ఉన్న సున్నితత్వాన్ని రెండుకు దించాను.

ఆ రాత్రి కొట్టు మూస్తూ చూశాను,
నమూనాకని గోడకు బిగించిన ఎనిమిది కెమెరాలు,
ఎనిమిది తెరలమీద ఎనిమిది మంది నేను,
వెనకనుంచి అందరికీ బట్టతలే.
వీటి ముందే పదకొండేళ్ళు ముక్కు గోక్కున్నాను,
అప్పులు లెక్కపెట్టుకున్నాను,
ఒకసారి, ఫిబ్రవరిలో, ఏడ్చాను కూడా.
అన్నిటినీ ఆపేశాను.
పొద్దున్నే మళ్ళీ పెట్టాననుకోండి, వ్యాపారం.

బిల్లు: ఇరుకు లెన్స్ ఒకటి,
తీగ ముప్ఫై మీటర్లు,
కొట్టం తలుపుకు గట్టి గొళ్ళెం ఒకటి.
మొదట కొనాల్సింది ఇదేనని
ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు.

దొంగ దొరకలేదు.
సెప్టెంబర్ పండగలయ్యాక
మిగిలిన డబ్బు కట్టడానికొచ్చింది.
ఓవాందో మూడో అడుగు
ఇప్పటికీ తప్పే వేస్తున్నాడంది.
ఎలా తెలుసని నేనడగలేదు.
ఆమె ఎడమ బూటు ముందువైపు
ఎవరో తొక్కినట్టు నలిగి ఉంది.