రోజుకి రెండు వేళ్ల మేర

నా పని చెప్తే నవ్వుతారు.
కుంటకి దిగే దారిలో
ముళ్లచెట్టు నీడ జరిగినకొద్దీ జరుగుతూ
వచ్చేవాళ్ల కాళ్లు చూస్తాను.
ముఖాలు తర్వాత.

కపోయెటాకి తూర్పున, వాన ముఖం చాటేశాక
నాలుగు నెలలకి మిగిలేది ఈ ఒక్క కుంటే.
మనుషులకీ మేకలకీ ఎద్దులకీ ఇదే.
కంటికి ఆనని నీటిపురుగులకీ ఇదే.

నారికురుపు కథ అక్కడే మొదలు.
నలుసంత పురుగు మింగిన పిల్లని
నీళ్లతో పాటు మనం మింగుతాం.
దాహం తీరుతుంది. మరిచిపోతాం.
ఏడాది తిరిగేసరికి
అది రెండు మూరల తెల్లదారమై
చీలమండ దగ్గర బొబ్బ లేపి తలుపు తడుతుంది.

నిప్పు పెట్టినట్టు మంట.
మంటకి నీళ్లు కావాలి కదా,
దాని ఉపాయమే అది.
మన కాళ్లతోనే కుంట దాకా నడిచి
నీళ్లు తగలగానే
వేలకి వేలు పిల్లల్ని పాలలా వదిలేస్తుంది.

దీనికి మాత్ర లేదు, సూది లేదు.
రోజుకి రెండు వేళ్ల మేర
పుల్లకి చుట్టాలి.
విసుగొచ్చి లాగావా, లోపల తెగుతుంది,
కాలంతా చీము.
మా అమ్మ గడ్డిపుల్లకి చుట్టేది, తిడుతూ.
నేను తిట్టను. వేళ్లు వణుకుతాయి.

నా పేరు నాపెయోక్.
ఇంటికి చుట్టాలొచ్చిన రోజు పుట్టానని పెట్టారు.
పిలవని ఈ చుట్టాన్ని
చుట్టి చుట్టి సాగనంపడం నా వంతుకొచ్చింది.

ఈ ఎండాకాలం నా తమ్ముడు లోకిరు కాలికి లేచింది.
పశువుల వెంట పోయేటప్పుడు
మెడలో వేసిన వడపోత గొట్టం
ఎక్కడో కొమ్మకి తగిలించి మరిచాడట.
మరిచాడో, పూసల దండకి అడ్డమని తీసేశాడో.
నేను అడగలేదు.

పదకొండో రోజు,
దారం సగం పుల్ల మీద, సగం వాడిలో ఉండగా
లోమెరి కుంటలో దిగబడింది.

లోమెరి వాడి మచ్చల ఎద్దు.
మా దగ్గర మగపిల్లాడికి ఎద్దు పేరే రెండో పేరు.
కట్టుకాలు ఈడ్చుకుంటూ పరుగున వచ్చాడు.
దారికి అడ్డంగా చేతులు చాచాను.

"అక్కా, మునిగిపోతోంది."
"దిగకు."
"నా ఎద్దే!"
"నువ్వు దిగితే వచ్చే ఏడు
ఊళ్లో ప్రతి కాలూ నీ కాలే."

చెంప మీద కొట్టాడు.
చెవిలో కీచురాళ్లు అరిచాయి.
చేతులు దించలేదు.

తర్వాత నేనే దిగాను.
ఇద్దరు ఆడవాళ్లు క్యాన్లు ఒడ్డున పడేసి నా వెనకే.
నడుము దాకా బురద.
ఎద్దు మా మాట వింటుందా?
వాడు ఒడ్డున నిలబడి పాడాడు,
కొమ్ముల వంపునీ మెడ కింది తెల్లమచ్చనీ పొగుడుతూ,
మధ్యమధ్య ఏడుపు అడ్డొస్తూ.
ఆ గొంతు వైపే లోమెరి గింజుకుంది.
మేం వెనక నుంచి తోశాం.
ఎలా బయటపడిందో ఇప్పటికీ తెలీదు.

రాత్రి వాడు నా చెంప వైపు చూడలేదు.
కాలు చాపాడు.
చుట్టాను. రెండు వేళ్లు.
మర్నాడు ఒకటిన్నరే వచ్చింది.

కుండ మూతికి కట్టిన సన్నగుడ్డని
తిరగేసి వెలుతురుకి పట్టి చూస్తాను.
ఏమీ కనబడదు. అయినా దులుపుతాను.
గెలిచామో లేదో వచ్చే ఎండలకి గానీ తెలీదు.
అప్పుడైనా తెలిసేదేముంది,
ఎవరికీ ఏమీ కాలేదని తప్ప.
పుస్తకంలో దానికి సున్నా వేయాలట.

"సున్నా కోసం ఇంత కాపలానా?" అన్నాడు లోకిరు మొన్న,
లోమెరిని తోలుకుపోతూ.
మెడలో గొట్టం ఉంది.
పూసల కిందకి తోసుకున్నాడు గానీ,
ఉంది.